కొంగల పురుటింటికి మూడు రోజులు

సంక్రాంతికి ముందు మా బొమ్మలు వేసే అబ్బాయి ఫోన్ చేశాడు. "అమ్మా, మీ కొంగ కాళ్లు ఏ రంగు? గూడు చింతచెట్టు మీద అని రాసినారు, ఎంత ఎత్తులో? కింద ఇళ్లుంటాయా, పొలాలా?" నేను నీళ్లు నమిలాను. హిందూపురం దగ్గరి వీరాపురంలో ఏటా గూళ్లు పెట్టే కొంగల మీద ఇరవై నాలుగు పేజీల పిల్లల కథ రాసి, రెండో ప్రూఫు దాకా తెచ్చి, ఇన్నేళ్లుగా అనంతపురంలోనే కాపురముంటూ, ఆ కొంగల్ని పేపర్లో ఫొటోగా తప్ప చూడలేదు. పైగా కథలో మొదటి వాక్యమే "సైబీరియా నుంచి ఎగిరొచ్చిన కొంగమ్మ" అని మొదలవుతుంది. పేపర్లలో అట్లే రాస్తారు కదా అని నేనూ రాసేశాను.

నా ఏడాది బడి గంటను బట్టి నడుస్తుంది. ఎండాకాలం తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఎనిమిది దాకా రాస్తాను. ఆ తర్వాత మా మిద్దె మీది గదిలో పెన్ను పట్టుకుంటే చెయ్యి జారిపోతుంది, అంత చెమట. జూన్ నుంచి దసరా దాకా బడుల వెంట తిరిగి కథలు చెబుతాను. దసరా తర్వాత ప్రూఫులు, ప్రెస్సు గొడవలు. సంక్రాంతి దాటాక శివరాత్రి దాకా నెలరోజులు మాత్రం ఊళ్లు తిరగడానికి. ఈసారి జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికే పుస్తకం తేవాలనుకున్నాం. బొమ్మలు ఆలస్యమై తప్పిపోయింది. తప్పిపోవడమే మంచిదైందని ఇప్పుడంటున్నాను. అప్పుడు మాత్రం రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

రిపబ్లిక్ డే సోమవారం వచ్చి మూడు రోజులు కలిసొచ్చాయి. మా చెల్లెలు, నేను, మూడో తరగతి చదివే మా మనవరాలు బయల్దేరాం. హిందూపురం బస్సులో ఆధార్ కార్డులు చూపిస్తే కండక్టరు జీరో టికెట్లు కొట్టి ఇచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచితం కదా, మా ముగ్గురి రానూపోనూ బస్సు ఖర్చు సున్నా. ఆ మిగిలిందంతా ఆటోలకు పెట్టాం, ఆ సంగతి తర్వాత.

చెన్నేకొత్తపల్లి వచ్చినప్పుడు మనవరాలికి చూపించాను. ఆ పక్కనే ఒక బడి నుంచి 2008లో 'కొత్తపల్లి' పిల్లల పత్రిక మొదలైంది. పల్లె పిల్లలు రాసిన కథలు, గీసిన బొమ్మలు అందులో వచ్చేవి. "అంటే నేనూ రాయొచ్చా?" అంది. రాయొచ్చన్నాను. అయిదు నిమిషాల్లో నిద్రపోయింది.

హిందూపురంలో దిగిన లాడ్జి గురించి చెప్పాలి. పేరు చెప్పను, బస్టాండు చుట్టుపక్కల అలాంటివి చాలానే ఉన్నాయి. ఫోన్లో ఫొటోలు చూసి, వెయ్యిన్నూటికి ముందే డబ్బు కట్టాం. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ అని రాసి ఉంది. వచ్చి అడిగితే "పొద్దున ఆరు నుంచి ఏడు దాకే మేడమ్" అన్నాడు. మేం అయిదింటికే బయల్దేరాలి. ఫొటోలో ఉన్న కిటికీ గదిలో లేదు, పక్క గదిలో ఉందట. దుప్పట్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, అబద్ధమాడకూడదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే డబ్బు కట్టకుండా, వచ్చి గది చూసుకుని దిగండి. రోడ్డు వైపు గది మాత్రం వద్దు. రాత్రంతా లారీల హారన్లు మా మంచం కిందే మోగినట్లుంది.

ఆ మధ్యాహ్నమే లేపాక్షి వెళ్లాం. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, బస్సులూ ఆటోలూ దండిగా ఉన్నాయి. మేం చేసిన తప్పు, రెండింటి ఎండలో వెళ్లడం. గుడిలో చెప్పులు ఉండవు, ఆ నల్లరాయి జనవరిలో కూడా కాలుతుంది. మనవరాలు ఒంటికాలి మీద గెంతుతూ నీడ నుంచి నీడకు పరుగెత్తింది. పిల్లలుంటే పొద్దున తొమ్మిదిలోపు వెళ్లండి.

అందరూ వేలాడే స్తంభం దగ్గర క్యూ కట్టి, కింద నుంచి చున్నీ లాగి ఫొటో దిగుతున్నారు. మేమూ లాగాం. కానీ పిల్లలకు అసలైన లేపాక్షి వేరే చోట ఉంది. ఆవరణలో నేలమీద రాతిలోనే పెద్ద పెద్ద కంచాలు చెక్కి ఉన్నాయి, గిన్నెల గుంటలతో సహా. శిల్పులు అన్నం తినడానికని కొందరు, రంగులు నూరుకోవడానికని కొందరు అంటారు. మనవరాలు ఒక కంచం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, చెల్లెల్ని వడ్డించమంది. పక్కనే ఏడు పడగల నాగలింగం. అమ్మ వంట చేసేలోపు శిల్పులు దాన్ని చెక్కేశారని గైడు చెప్పాడు. ఏ పిల్లకైనా ఆ ఒక్క కథ చాలు. మూడు తలలకు ఒకటే ఒళ్లున్న ఆవు బొమ్మ దగ్గర రెండు తలలు చేత్తో మూసి మూడోదాన్ని చూడటం ఇంకో ఆట. పైకప్పు రంగుల చిత్రాల దగ్గర ఆమె విసుక్కుంది, మెడ నొప్పట. నాకేమో అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. విజయనగర కాలం చీరల అంచులు, కొప్పులు, అన్నీ ఆ కప్పు మీదే ఉన్నాయి.

గైడుకు ఇచ్చిన మూడొందలు దండగ కాలేదు. బయట పెద్ద బసవన్న దగ్గర మాత్రం గైడు అక్కర్లేదు. ఒకే రాతిలో ఇరవై ఏడు అడుగుల పొడవు, పదిహేను అడుగుల ఎత్తు, ఎదురుగా నిలబడితే చాలు. గుట్ట మీద జటాయువు బొమ్మ చూసి, రాముడు "లే పక్షీ" అన్నాడు కాబట్టే ఊరికి ఆ పేరొచ్చిందని చెబితే, "మరి లేచిందా అవ్వా?" అంది. లేవలేదమ్మా అన్నాను. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పిల్లల కథల్లో పక్షి లేవాలా వద్దా అని నేనూ ఆలోచనలో పడ్డాను.

మర్నాడు చీకటితోనే ఆటో. చిలమత్తూరు మండలం వీరాపురానికి రానూపోనూ, అక్కడ రెండు గంటలు ఆగడానికి ఎనిమిది వందలు. ఎక్కువేమో, కానీ ఆ పొద్దున ఆ పల్లెకు బస్సును నమ్ముకుని వెళ్లలేం. ఆటో అబ్బాయి ఊరి మొదట్లోనే ఇంజను ఆపేసి, "ఇట్నుంచి నడిసి రాండక్కా, సప్పుడు సేస్తే మనల్ని తిడతారు" అన్నాడు. కొంగలు కాదు, ఊరివాళ్లు.

చెట్లు అడవిలోనో చెరువు గట్టునో ఉంటాయని నేను అనుకున్నాను. ఊళ్లోనే ఉన్నాయి. ఇళ్ల మధ్య, పశువుల కొట్టం పక్కన, ఇంటి పెరట్లో చింతచెట్లు. కొమ్మలన్నీ తెల్లగా, దగ్గరికి పోయి చూస్తే రెక్కల మీద నల్ల చారలు, తోక దగ్గర పలచటి గులాబీ రంగు, పసుపుపచ్చ ముక్కు, నారింజ రంగు బోడి తల. కాళ్లు గులాబీ రంగు. నేను కథలో నల్ల కాళ్లని రాశాను. మగది పుల్ల తెచ్చి ఇవ్వడం, ఆడది దాన్ని గూట్లో అటూ ఇటూ పెట్టి నచ్చక తీసి మళ్లీ పెట్టడం. మా చెల్లెలు సామాన్లు సర్దుకునే తీరు గుర్తొచ్చి నేను నవ్వాను, ఎందుకు నవ్వానో ఆమెకు చెప్పలేదు. గొంతు పెద్దగా లేదు వాటికి. ముక్కులు టకటకా కొట్టుకుంటాయి, అంతే. నేను "క్రేం క్రేం అని అరిచింది" అని రాసిన వాక్యం కూడా పోయింది.

ఇవి ఎర్రకొంగలు, ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్. సైబీరియాకు, వీటికి సంబంధమే లేదు. మన దేశంలోనూ, చుట్టుపక్కల దేశాల్లోనూ ఉండే పక్షులే. నీళ్లున్న చోటు చూసుకుని గూళ్లు పెట్టడానికి వస్తాయి. సైబీరియా అంటే దూరం, మంచు, వింత, అందుకే ఆ పేరు అందరి నోటికీ అంటుకుంది. అరుగు మీద చెనక్కాయలు వలుస్తున్న పెద్దావిడ దగ్గర కూర్చున్నాను.

"యాడ నుంచొస్తాయమ్మా ఇవి?"

"యాడిదైతే ఏముందిలే. మా ఇంటి ఆడబిడ్డలు. కాన్పుకు పుట్టింటికి వచ్చినట్ల వస్తాయి, పిల్లల్ని ఎత్తుకుని పోతాయి. అవుండేటప్పుడు ఈ సెట్టు సింతకాయ మేం దులపం."

నా మొదటి వాక్యం అక్కడే దొరికింది. ఇన్ని రోజులు సైబీరియా నుంచి తెచ్చుకుంటున్నదాన్ని ఆ అరుగు మీదే ఇచ్చేసింది.

ఊళ్లో హోటల్ లేదు, మరుగుదొడ్డి కోసం ఎవరింట్లోనైనా అడగాల్సిందే. నీళ్లు, తినడానికి ఏదైనా వెంట తీసుకెళ్లండి, ఖాళీ కవర్లు తిరిగి తెచ్చుకోండి. చెట్టు కింద నిలబడేటప్పుడు నెత్తిన టోపీయో చీర చెంగో వేసుకోండి, ఎందుకో వెళ్లాక తెలుస్తుంది. మా చెల్లెలి పట్టుచీరకు ముందే తెలిసింది. వాసన కూడా ఉంటుంది, చేపలు తినే పక్షులు మరి. మనవరాలు ముక్కు మూసుకునే గంటసేపు చూసింది.

గోరంట్ల మీదుగా కదిరి చేరేసరికి మధ్యాహ్నం. దారిలో తిన్న ఉగ్గాణి, బజ్జీ ఈ ప్రయాణం మొత్తంలో మంచి తిండి. కదిరిలో గుడి దగ్గర ఒక సత్రంలో గది అడిగాం. నాలుగు వందలు, చాపలు, ఒక ఫ్యాను, బకెట్ వేడినీళ్లు అడగ్గానే. హిందూపురం గదికి పెట్టిన డబ్బుతో ఇక్కడ రెండు రాత్రులు ఉండి, ఇంకా మూడొందలు మిగులుతాయి. మంచాలే కావాలనుకునేవాళ్లకు కుదరదు, నా మోకాళ్లు కూడా రాత్రంతా ఆ మాటే అన్నాయి.

సాయంత్రం సత్రం దగ్గర ఒక రైతు "కదిరి లేపాక్షి ఈసారి బాగా కాసింది" అనడం విని మనవరాలు తికమకపడింది. నిన్న చూసిన లేపాక్షి కాయడమేంటని. ఇక్కడి పరిశోధనా కేంద్రం తెచ్చిన చెనక్కాయ రకానికి ఆ పేరు పెట్టారు. అది విన్నాక ఆమె రాత్రంతా ఊళ్ల పేర్లు కాయలకు పెడుతూ కూర్చుంది. కదిరి లేపాక్షి, గుత్తి గోరంట్ల, పెనుకొండ పుట్టపర్తి. ఇది నేను దొంగిలిస్తానని ఆమెకు ముందే చెప్పాను.

సోమవారం కటారుపల్లిలో వేమన సమాధి, అక్కడినుంచి తిమ్మమ్మ మర్రిమాను. కటారుపల్లిలో అరగంట చాలు. వేమన జయంతి జనవరి 19న జరిగిపోయింది, మేం వెళ్లేసరికి మనుషులు తక్కువ, నిశ్శబ్దం ఎక్కువ. మనవరాలు తనకొచ్చిన రెండు పద్యాలు గట్టిగా చెప్పింది. బ్రౌను దొర 1829లో అచ్చు వేయించకపోతే ఆ పద్యాలు ఎన్ని మిగిలేవో అని మా చెల్లెలు అంది. పల్లెల్లో నోళ్లలో ఉన్నవి ఎక్కడికీ పోవు అని నేనన్నాను. ఆటో దిగేదాకా వాదించుకున్నాం.

మర్రిమాను గురించి ఎంత చెప్పినా తక్కువే. అయిదెకరాలకు పైన పరుచుకున్న ఒకే చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఎక్కడ మొదలో ఎక్కడ ఊడో తెలియదు. పిల్లలకు ఇంతకన్నా మంచి ఆటస్థలం లేదు, ఊడలు పట్టుకుని ఊగొద్దని చెప్పడమే కష్టం. శివరాత్రి జాతరప్పుడు మాత్రం పిల్లలతో రావద్దు, ఇసుకేస్తే రాలదు. కానీ చెట్టు కింద తిమ్మమ్మ గుడి దగ్గర బోర్డు మీద కథ చదివి మనవరాలు ఆగింది. 1434లో ఆమె భర్తతో పాటు చితిలోకి దూకిందని, చితి గుంజ చిగురించి ఈ చెట్టయిందని. "ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదా అవ్వా?" నేను చెట్టు ఆకులు చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్లుగా పిల్లలకు కథలు చెప్పేదాన్ని, ఆ ప్రశ్నకు ఆమె ఎత్తులో నిలబడి చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేకపోయింది. మర్రిమాను మీద పుస్తకం రాయమని చాలామంది అడిగారు. ఇప్పట్లో రాయను.

ధర్మవరం దగ్గర తోలుబొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంటకు ఈసారి సమయం చాలక, తర్వాతి వారం ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. మేకతోలును శుభ్రం చేసి, ఆరబెట్టి, వెలుతురు కనిపించేంత పలచన చేసి, గీతలు గీసి, ఉలితో చిన్న చిన్న చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. దీపం వెనక పెడితే ఆ చిల్లులే నగలవుతాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా దీపాల మీద పెట్టే గుమ్మటాలే అమ్ముడుపోతాయి, ఆట ఆడించమని అడిగేవాళ్లు తక్కువ. వెళితే బేరమాడకండి, ఒక్క గుమ్మటానికి ఎన్ని దెబ్బలు కొడతారో పది నిమిషాలు కూర్చుని చూశాక మీకే నోరు రాదు. తోలుబొమ్మలాటలో నవ్వించే జంట కేతిగాడు, బంగారక్క తిట్టుకుంటుంటే విని నేను కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాను. వచ్చే ఏడాది పుస్తకం వాళ్లిద్దరి మీదే. తిట్లలో ఎన్ని పిల్లల పుస్తకంలోకి వస్తాయన్నది ప్రచురణకర్తతో తేల్చుకోవాలి.

ఇక కొంగల పుస్తకం కబురు. ఎనిమిది పేజీల ఫారాలు మూడు, పిన్ బైండింగు. పేజీలు పెంచితే ఫారం పెరిగి ధర పెరుగుతుంది, అందుకే లేపాక్షి పక్షిని లోపలికి తేలేకపోయాను. మొదటి పేజీ మారింది, కాళ్లు గులాబీ రంగులోకి వచ్చాయి, అరుపు పోయి టకటక వచ్చింది. పేరు ఇంకా కుదరలేదు. నేను "పుట్టింటి కొంగలు" అంటున్నాను, ప్రచురణకర్త "చింతచెట్టు చుట్టాలు" అంటున్నారు, మనవరాలు "ముక్కు మూసుకోండి" అంటోంది. జూన్‌లో బడులు తెరిచేసరికి తేవాలని. అంతకుముందు ఏప్రిల్‌లో, గూళ్లలో పిల్లలు ఉన్నప్పుడు, బొమ్మల అబ్బాయిని తీసుకుని ఇంకోసారి వెళ్తున్నాను. ఎండకు తల్లికొంగ రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుందట, ఆ బొమ్మ చివరి పేజీకి కావాలి. ఈసారి దిగేది కదిరి సత్రంలోనే, చాప మీద వేసుకోవడానికి ఒక బొంత మాత్రం ఇంటినుంచి తీసుకెళ్తాను.