ఆరేళ్లుగా మా డాబా మీద టెలిస్కోపు: గ్రహణాలు, చంద్రయాన్, తెగని వాదనలు

2019 సెప్టెంబరు 7, తెల్లవారుజామున రెండు గంటలవేళ. విజయవాడ పటమటలోని మా ఇంట్లో తొమ్మిది మందిమి టీవీ ముందు కూర్చున్నాం. చంద్రుడి నేలకు 2.1 కిలోమీటర్ల ఎత్తు దాకా సవ్యంగా వచ్చిన చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ నుంచి ఆ తర్వాత సంకేతాలు ఆగిపోయాయి. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత మా బాబాయి, "ముహూర్తం సరిగ్గా చూసుకుని ఉండరు" అన్నాడు. కింది ఫ్లాట్ మాస్టారు ఊరుకోలేదు. ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. మా పటమటలోనే ఉన్న గోరా గారి నాస్తిక కేంద్రానికి కుర్రతనం నుంచీ వెళ్తున్న మనిషి. మహిమలు అక్కర్లేదని చూపించడానికి అప్పట్లో నిప్పుల మీద నడిచారట కూడా. ఇక తెల్లారేదాకా ఇద్దరికీ గొడవే.

ఆ గొడవ వింటుంటే నాకు ఒకటి తట్టింది. చంద్రుడి గురించి ఇంత గట్టిగా మాట్లాడుతున్న మాలో ఒక్కరం కూడా చంద్రుణ్ణి సరిగ్గా చూసినవాళ్లం కాదు. ఆ నవంబరులో టెలిస్కోపు కొన్నాను. ఇప్పటికి ఆరేళ్లు దాటింది. కొనాలా వద్దా అని నన్ను అడిగేవాళ్లు పెరిగారు కాబట్టి, దీంతో ఏ వాదన తేలుతుందో, ఏది తేలదో వివరంగా రాస్తున్నాను.

ముందు వస్తువు సంగతి. అద్దం వెడల్పు 114 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) 900 మిల్లీమీటర్లు, న్యూటోనియన్ రకం, అంటే వెలుగును అద్దంతో పోగుచేసేది. 17 వేలు పడింది. 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు, అంటే కన్ను పెట్టి చూసే కటకాలు, రెండు ఇచ్చారు. ఒకదాంతో 36 రెట్లు, రెండోదాంతో 90 రెట్లు పెద్దగా కనపడుతుంది. డబ్బా మీద వందల రెట్లని పెద్ద అక్షరాలతో వేసి ఉంటుంది, అది నమ్మి కొనకండి. ఈ సైజు అద్దానికి రెండు వందల రెట్లు దాటితే మిగిలేది మసకే.

నాకు కోపం వచ్చిన విషయం ఇంకొకటి ఉంది. ఐపీసుకు బిగించే చిన్న నల్ల అద్దం ఒకటి ఇచ్చి, సూర్యుణ్ణి చూడొచ్చని అమ్మిన దుకాణంలో చెప్పారు. అద్దం పోగుచేసిన ఎండంతా ఆ చిన్న గాజు మీదే పడుతుంది. వేడికి అది పగిలితే కన్ను పోతుంది. మాస్టారు చూసి అక్కడికక్కడే చెత్తబుట్టలో వేశారు. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగానికి అమర్చే సరైన ఫిల్టరు ఉండాలి. లేదంటే కన్ను పెట్టకుండా, ఐపీసు వెనక తెల్ల అట్ట పట్టుకుని బింబాన్ని దాని మీద పడేలా చేయాలి. 2019 డిసెంబరు 26 ఉదయం గ్రహణాన్ని మేమలాగే అట్ట మీద చూశాం.

రోకలి సంగతి ఆ తర్వాతి ఏడాది. 2020 జూన్ 21, ఆదివారం, సూర్యగ్రహణం. కరోనా రోజులు, అందరం ఇళ్లలోనే ఉన్నాం. గ్రహణం పట్టేవేళకి ఫోన్లలో వీడియోలు మొదలయ్యాయి. పళ్లెంలో నీళ్లు, మధ్యలో రోకలి నిటారుగా. గ్రహణం ఉన్నంతసేపే నిలబడుతుందట, విడవగానే పడిపోతుందట. మా అమ్మా నిలబెట్టింది. నిలబడింది.

నేను డాబా మీద అట్ట పట్టుకుని ఉన్నాను. మాస్టారు ఆ వీడియోలు చూసి మండిపడుతూ పైకొచ్చారు. గురుత్వ కేంద్రం గురించి అమ్మకి పది నిమిషాలు చెప్పారు. అమ్మ అంతా విని, "నిలబడిందా లేదా మాస్టారూ? మీ కళ్లతోనే చూశారుగా" అంది. ఆయన దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. నా దగ్గరా లేదు. ఎందుకంటే టెలిస్కోపు కొన్నప్పటి నుంచీ నేను అందరికీ చెప్తున్నది అదే, కళ్లతో చూడండి అని.

మూడు రోజులు ఆగి బుధవారం పొద్దున అమ్మనే అడిగాను, అదే రోకలి అదే పళ్లెంలో మళ్లీ పెట్టి చూద్దామా అని. మొదటిసారి పడిపోయింది. రెండోసారీ పడింది. మూడోసారి అమ్మ చెయ్యి తీసింది, నిలబడిపోయింది. అడుగున పొన్ను చదునుగా ఉన్న రోకలి ఓపిగ్గా పెడితే ఏ రోజైనా నిలబడుతుంది. గ్రహణం రోజున మాత్రమే మనకి అంత ఓపిక ఉంటుంది. పళ్లెం వంటకి కావాల్సొచ్చేదాకా అది కదల్లేదు. "అయితే గ్రహణం లేకపోయినా నిలబడుతుందన్నమాట" అని అమ్మ తనే అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఏ గ్రహణానికీ రోకలి పెట్టలేదు. ఆవకాయ జాడీల మీద దర్భ మాత్రం వేస్తూనే ఉంది. నేనేమీ అనలేదు.

చూడటం ఒక్కటే చాలదని, ఒక మాట తప్పో కాదో తేలాలంటే ఇంకెప్పుడు చూడాలో కూడా ఆలోచించుకోవాలని నేను నేర్చుకున్నది ఆ బుధవారం. టెలిస్కోపు వల్ల కాదు, కానీ టెలిస్కోపు వాడకం మారింది అప్పటి నుంచే.

సెల్ టవర్ గొడవ చిన్నదే. మా ఎదురు మేడ మీద టవర్ ఉంది. 5జి వస్తే పక్షులు చచ్చిపోతాయని, అసలు టవర్ల మీద పక్షి వాలదని అపార్ట్‌మెంట్ మీటింగులో ఒకాయన గట్టిగా చెప్పారు. పగలు టెలిస్కోపు అటు తిప్పితే బొమ్మ తలకిందులుగానే కనపడింది గానీ, టవర్ మధ్యలో కాకి గూడు స్పష్టంగా కనపడింది. దాంతో పక్షి వాలదన్న మాట పోయింది. టవర్ వల్ల ఏ హానీ లేదని మాత్రం ఆ గూడు రుజువు చేయదు, ఆ మాట నేనే ఆయనకి చెప్పాను.

ఇక 2020 డిసెంబరు 21. ఈ ఒక్క సాయంత్రానికే నా 17 వేలూ గిట్టుబాటయ్యాయి. గురువు, శని ఆకాశంలో డిగ్రీలో పదో వంతు దూరానికి వచ్చిన రోజు. సూర్యాస్తమయం అయ్యాక నైరుతి దిక్కున, అపార్ట్‌మెంట్ల సందులోంచి గంట సేపు కనపడ్డాయి. 90 రెట్ల ఐపీసులో కూడా రెండూ ఒకే వృత్తంలో ఇమిడిపోయాయి. ఒక పక్క గురువు, వరసగా దాని చంద్రులు. ఇంకో పక్క వలయంతో శని. బాబాయి ఐపీసు వదల్లేదు. వెనక క్యూలో ఉన్న పిల్లలు గోల చేస్తున్నా కదల్లేదు.

కన్ను తీసి, "మకరంలో గురువు, శని కలుస్తాయని పంచాంగంలో ఉందిగా అమ్మాయ్. మొన్న తుంగభద్ర పుష్కరాలు ఎందుకొచ్చాయి? గురువు మకరంలోకి వచ్చాడనేగా. మరి మీ మిషన్ కొత్తగా చెప్పిందేంటి?" అన్నాడు. ఆయన అన్నది నిజం. ఆ రెండు గ్రహాలూ ఆ సాయంత్రం మకరం నక్షత్రాల దగ్గరే ఉన్నాయి. గురువు సూర్యుణ్ణి చుట్టి రావడానికి 11.86 ఏళ్లు పడుతుంది, మన నదుల పుష్కరాలు పన్నెండేళ్లకోసారి రావడం అందువల్లే. మన కృష్ణమ్మకి గురువు కన్యలోకి వచ్చినప్పుడు, కిందటిసారి 2016 ఆగస్టులో వచ్చాయి. ఆ లెక్కలు కట్టిన పాతవాళ్ల చేతిలో టెలిస్కోపు లేదు.

మాస్టారు కూడా ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూనే, "బాబాయిగారూ, గురువు ఎక్కడున్నాడో పంచాంగం చెప్పింది, చూశాం, సరిపోయింది. గురువు మీ ఆరోగ్యాన్ని ఏం చేస్తాడో కూడా అదే పుస్తకం చెప్తుంది. దాన్ని దేంతో చూద్దాం?" అన్నారు. బాబాయి నవ్వాడు, జవాబు చెప్పలేదు. ఇంటికెళ్లి పంచాంగంలో ఆ పేజీ అంచున పెన్సిల్‌తో శని బొమ్మ వేసి తారీఖు రాసుకున్నాడు. వలయం వెడల్పుగా, చెవులున్న ముఖంలా ఉంటుంది ఆ బొమ్మ.

మన ఊళ్లో వాడాలంటే పడాల్సిన తిప్పలు చెప్పాలి. వేసవిలో డాబా పగలంతా కాలి రాత్రి పదకొండు దాకా వేడి వదులుతూనే ఉంటుంది. ఆ వేడి గాలికి చంద్రుడి అంచు మరుగుతున్న పాలలా కదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి దాటాకే పైకెక్కండి. వానాకాలంలో తేమ అసలు శత్రువు. రెండో ఏడాదికే అద్దం మీద బూజు మచ్చలు వచ్చాయి. సిలికా జెల్ పొట్లాలు వేసి మూత గట్టిగా బిగించి పెట్టడం అప్పుడు మొదలెట్టాను. ట్రైపాడ్ పల్చటి అల్యూమినియం, ఎవరైనా పక్కన నడిస్తే చాలు, శని గెంతుతాడు. మధ్యలో ఇసుక సంచి వేలాడదీశాక కుదురుకుంది. బెంజి సర్కిల్ వెలుగు వల్ల పాలపుంత, నెబ్యులాల (ఆకాశంలోని వాయు మేఘాల) మీద ఆశ పెట్టుకోవద్దు. చంద్రుడు, గ్రహాలు మాత్రం ఊళ్లోంచి హాయిగా చూడొచ్చు.

2023 ఆగస్టు 23 సాయంత్రం ఆరు దాటి నాలుగు నిమిషాలకి చంద్రయాన్-3 దిగింది. ఏడుకల్లా మా డాబా నిండిపోయింది. దాదాపు సగం చంద్రుడు నైరుతి దిక్కున ఉన్నాడు. దక్షిణపు అంచున, మాంజినస్ అనే పెద్ద బిలం దగ్గర విక్రమ్ (ఈసారి ల్యాండర్ పేరూ అదే) దిగిన చోటు. అక్కడ అప్పుడే పొద్దు పొడిచింది. "విక్రమ్ ఏది పిన్నీ?" అని పిల్లలు అడిగారు. కనపడదు. ఈ అద్దానికి చంద్రుడి మీద దాదాపు రెండు కిలోమీటర్ల కంటే చిన్నది విడిగా తెలియదు. 1.2 కిలోమీటర్ల పొడవున్న మన ప్రకాశం బ్యారేజీని తీసుకెళ్లి అక్కడ పెట్టినా కనపడదు. విక్రమ్ ఒక మంచమంత వెడల్పు ఉంటుందేమో.

"మరి దిగిందని ఎట్టా నమ్మాలి?" అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. నా టెలిస్కోపు దగ్గర జవాబు లేదు. తర్వాత కొద్ది రోజులకే, చంద్రుడి చుట్టూ తిరుగుతున్న చంద్రయాన్-2 ఆర్బిటర్ కెమెరా తీసిన ఫొటో, నాసా ఉపగ్రహం విడిగా తీసిన ఫొటో రెండూ బయటికొచ్చాయి. రెండింట్లోనూ అదే చోట అదే చుక్క. నేను చూడలేనిదాన్ని, ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు చూసి ఒకటే చెప్తే నమ్ముతాను.

విక్రమ్ దిగిన రాత్రే పాత గొడవ మళ్లీ లేచింది. ప్రయోగానికి ముందు రోజు ఇస్రో వాళ్లు చిన్న నమూనాతో తిరుమల వెళ్లారు, అందుకే ఈసారి దిగిందని బాబాయి. శాస్త్రవేత్తలు అలా వెళ్లొచ్చా అని మాస్టారు. నేను ఇద్దరితోనూ విభేదించాను. వాళ్ల భక్తి వాళ్లిష్టం, దాన్ని తప్పుపట్టే హక్కు మనకి లేదు. కానీ చంద్రయాన్-2 ముందు కూడా తిరుమల వెళ్లారు. రెండుసార్లూ అదే దండం, ఫలితం మాత్రం వేరు. తేడా ఎక్కడుందో లెక్కలున్నాయి. అరకిలోమీటరు చదరంలో దిగాలనుకున్నది ఈసారి నాలుగు కిలోమీటర్ల పొడవు, దాదాపు రెండున్నర కిలోమీటర్ల వెడల్పున్న చోటు ఎంచుకున్నారు. కాళ్లు గట్టివి చేశారు, ఇంధనం పెంచారు. ఏళ్ల తరబడి కూర్చుని తప్పులు వెతికినవాళ్ల కష్టం అది. దాన్ని ముహూర్తం ఖాతాలో వేస్తే నాకు బాధగా ఉంటుంది.

2025 సెప్టెంబరు 7 చంద్రగ్రహణం రాత్రి వేరే రకంగా గుర్తుంది. పక్కింటి వదిన కూతురు పురిటికి వచ్చి ఉంది, ఏడో నెల. తలుపులు, కిటికీలు వేసేశారు. ఆ పిల్లకి చూడాలని ఉంది. భూమి నీడ చంద్రుడి మీద పడి వెన్నెల తగ్గుతుంది తప్ప, బిడ్డని తాకేది ఏమీ లేదని వదినకి ఒక్కసారి చెప్పాను. ఆర్యభటుడు 499లోనే ఆ నీడ సంగతి రాశాడని కూడా చెప్పాను. "తెలుసమ్మా. కానీ రేపు పిల్లకి ఏదన్నా అయితే, ఆ రాత్రి పంపించానే అని జీవితాంతం తొలుస్తుంది నాకు" అంది. ఐదేళ్ల కిందటైతే ఇంకో గంట వాదించేదాన్ని. ఆవిడది భయం, లెక్క తెలియకపోవడం కాదు. భయానికి నా దగ్గర ఐపీసు లేదు.

ఫోన్ ఐపీసుకు బిగించి వీడియో కాల్ చేశాను. రాత్రి పదకొండుకి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లి రాగి చెంబు రంగుకి వచ్చాడు. మూసిన గదిలో ఆ పిల్ల, పక్కనే వదిన, ఇద్దరూ ఫోన్‌లో చూస్తున్నారు. "నల్లగా అవ్వాలి కదా, ఎర్రగా ఎందుకుంది?" అని అడిగింది వదినే. భూమి చుట్టూ ఉన్న గాలిలోంచి వంగి వెళ్లిన వెలుగు అది, ఆ క్షణంలో భూమి మీద ఎక్కడెక్కడ తెల్లవారుతోందో, ఎక్కడెక్కడ పొద్దుకుంకుతోందో ఆ ఎరుపంతా చంద్రుడి మీద పడుతోందని చెప్పాను. పన్నెండుంబావు దాటేదాకా ఫోన్ పెట్టలేదు. ఆ పక్కన డాబా మీద మాస్టారు, బాబాయి ఇంకో గొడవలో ఉన్నారు, దుర్గమ్మ గుడి, తిరుమల మూశారు, శ్రీకాళహస్తి మాత్రం ఎందుకు తెరిచి ఉంచుతారని. అది రాహుకేతు క్షేత్రమని బాబాయి జవాబు.

మళ్లీ కొంటానా అంటే ఇదే సైజు కొంటాను, ట్రైపాడ్ మాత్రం గట్టిది తీసుకుంటాను. అద్దం పూత కొంచెం వెలిసింది. అయినా ఇంకో నాలుగేళ్లకి ఢోకా లేదు.

ఈ మధ్య శని వలయాలు మాయమైపోతాయని వార్తలు తిరిగాయి. కార్తీక మాసంలో ఒక రాత్రి బాబాయి ఆ వార్త పట్టుకుని పైకొచ్చాడు. కిందటేడే కళ్లకి శుక్లాల ఆపరేషన్ అయింది. ఐపీసులో చూసి, "నిజమేనే, ఉంగరం లేదు. బంతిలోంచి సూది గుచ్చినట్టు సన్నటి గీత ఉంది" అన్నాడు. వలయం ఎక్కడికీ పోలేదని, 2025 మార్చి నెలలో మనకి సరిగ్గా అంచు వైపు తిరిగిందని, 2032కి మళ్లీ పూర్తిగా విచ్చుకుంటుందని చెప్పబోయాను. ఆగమని చెయ్యి చూపించి కిందికెళ్లి 2020 నాటి పంచాంగం తెచ్చాడు. చెవులున్న ఆ పాత బొమ్మ పక్కన చిన్న గుండ్రం గీసి, దానికి అడ్డంగా ఒక గీత పెట్టి, తారీఖు వేశాడు. రెండింటి మధ్య ఎంత తిరిగి ఉంటుందని అడగడానికి మాస్టారి దగ్గరికి వెళ్లాడు.