ఉప్పుగాలిలో గేటు నుంచి పోర్టికో దాకా సీసీ: పదేళ్లు దాటిన వాడకం తర్వాత

ఒడిశా తీరంలో గోపాలపూర్, ఛత్రపురం, బరంపురం వైపు ఇంటి ముందు కారు దారికి సీసీ (సిమెంటు కాంక్రీటు) వేయించే వాళ్లకు ముందే చెప్పేయాల్సిన మాట: అయిదు అంగుళాల మందం, ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె బలాన్ని చెప్పే గ్రేడు), స్లాగ్ సిమెంటు (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం పొడి కలిపింది), లోపల ఇనుము సున్నా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాతి చలికాలంలో ఇలా పోసిన మా దారి ఇప్పటికీ రోజూ కారును మోస్తోంది. 2018లో తిత్లీ తుపాను వానలూ దాని మీదుగానే పోయాయి. పక్కింట్లో అదే మేస్త్రి, అదే ఇసుకతో మూడు అంగుళాల మందాన 8 ఎంఎం కడ్డీల జాలీ పరిచి పోసిన దారి మాత్రం అయిదారేళ్లకే బీటలిచ్చింది. ఇప్పుడు కడ్డీల గళ్లు ఎక్కడున్నాయో పైనుంచే లెక్కపెట్టొచ్చు.

"ఇనుము వేస్తేనే గట్టి" అన్న మాట స్లాబుకు నిజం, నేల మీద పరిచే సీసీకి కాదు. నేల మొత్తం కింద ఆనిక ఇస్తుంటే బరువు మోసేది మందమే. జాలీ చేసే పని బీట వచ్చాక అది విచ్చుకోకుండా పట్టుకోవడం, అంతే. సముద్రగాలిలో అదే జాలీ ఎదురు తిరుగుతుంది. గాలిలోని ఉప్పులో ఉండే క్లోరైడు కాంక్రీటు రంధ్రాల్లోంచి దిగి కడ్డీని చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మూడు రెట్లకు పైగా చోటు అడుగుతుంది. ఆ ఒత్తిడికి పైపొర పెచ్చులుగా లేస్తుంది. తీరగాలికి బయటపడి ఉండే ఆర్‌సీసీకి (ఇనుము వేసిన కాంక్రీటుకు) మన దేశపు కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 అడిగే కవర్, అంటే కడ్డీ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం, 45 ఎంఎం. మూడు అంగుళాలంటే 75 ఎంఎం. పైన 45, అడ్డం నిలువు కడ్డీలకు 16 పోతే కింద మిగిలేది 14. అది కూడా కాగితం మీద లెక్క. పోసేటప్పుడు కూలీలు తొక్కుతారు, జాలీ వెళ్లి గ్రావెల్ మీద పడుకుంటుంది.

ఇనుము లేని కాంక్రీటుకు ఇదే కోడ్ ఎం20 చాలంటుంది. అయినా ఎం30 ఎందుకంటే టైర్ల రాపిడికి, నీరు లోపలికి దిగకుండా ఉండటానికి. బస్తా సిమెంటుకు 35 లీటర్ల ఫర్మాతో (కొలత పెట్టెతో) రెండు ఇసుక, రెండు 20 ఎంఎం పిక్క (కంకర), ఒకటి 12 ఎంఎం పిక్క. నీళ్లు మొత్తం 22 లీటర్లు. ఇసుక చెమ్మగా ఉంటే అందులోనే నాలుగైదు లీటర్లు ఉంటాయి కాబట్టి మిల్లర్‌లో (కాంక్రీటు కలిపే మిషన్‌లో) పోసేది 17. అంత తక్కువ నీళ్లతో కలిపింది తట్టలోంచి జారదు, మేస్త్రి వెంటనే మగ్గు ఎత్తుతాడు. గొడవంతా అక్కడే. నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారేలా చేసే సూపర్ ప్లాస్టిసైజర్‌ను డబ్బా మీద రాసిన మోతాదులో కలిపితే మగ్గు అవసరం ఉండదు. ఎగస్ట్రా పోసిన ప్రతి మగ్గూ ఎండాక రంధ్రాలుగా మిగులుతుంది. ఆ దారుల్లోంచే ఉప్పు దిగుతుంది.

పది అడుగుల వెడల్పు, 32 అడుగుల పొడవు దారికి తరుగుతో కలిపి 29 బస్తాలు పట్టాయి. ఇసుక 75 సీఎఫ్‌టీ (ఘనపు అడుగులు) దాకా, పిక్క 110 సీఎఫ్‌టీ దాకా. పాలీప్రొపిలీన్ ఫైబర్ (సన్నని ప్లాస్టిక్ పోగులు) బస్తాకు 125 గ్రాముల ప్యాకెట్ ఒకటి. ఇది తుప్పు పట్టదు, పోసిన మొదటి గంటల్లో వచ్చే వెంట్రుక బీటల్ని ఆపుతుంది. అంతకు మించి దాని దగ్గర ఏమీ ఆశించొద్దు.

ఇసుక దగ్గర జాగ్రత్త. రుషికుల్యా నది ఇసుక అని చెప్పి నదీముఖం దగ్గరి ఇసుక, ఒక్కోసారి తీరం ఇసుకే తెచ్చి పోస్తారు. గుప్పెడు గ్లాసు నీళ్లలో కలిపి, తేరాక నాలుక మీద ఒక చుక్క వేసుకుంటే ఉప్పదనం తెలిసిపోతుంది. గవ్వ ముక్కలు కనిపించినా, రేణువులన్నీ ఒకే సన్నంగా ఉన్నా లారీని తిప్పి పంపాలి. రసీదులో 'నది బాలి' (ఒడియాలో నది ఇసుక) అని రాయించుకుంటే తర్వాత మాట్లాడటానికి ఆధారం. నీటికి కోడ్ పెట్టిన హద్దు ఇనుము లేని కాంక్రీటుకైతే లీటరుకు 2000 మిల్లీగ్రాముల క్లోరైడు, ఆర్‌సీసీకి 500. తీరం పక్క బోర్లు చాలా వరకు వేసవిలో ఉప్పెక్కుతాయి. కలపడానికే కాదు, తడపడానికీ మున్సిపాలిటీ నీళ్లే మేలు. బోరునీళ్లతో తడిపితే ఆరినప్పుడల్లా తెల్లగా ఉప్పు మిగులుతుంది.

స్లాగ్ సిమెంటు కోసం ఒడిశాలో వెతుక్కోవాల్సిన పని లేదు, ఉక్కు కర్మాగారాల రాష్ట్రం కదా. సన్న రంధ్రాలతో గట్టిపడుతుంది, క్లోరైడును కొంత తనలోనే కట్టేసుకుంటుంది. కాకపోతే నిదానంగా బలం పుంజుకుంటుంది. అందుకే దీనికి ఏడు రోజుల తడి చాలదు. 14 రోజులు ఒక్క పూట కూడా ఆరకూడదు. గోనెపట్టాలు పరిచి పొద్దున, సాయంత్రం చల్లి వదిలేస్తే మధ్యాహ్నం గాలికి అవి ఎండిపోతాయి. చుట్టూ ఇసుక–సిమెంటుతో చిన్న గట్లు కట్టి, వాటం వల్ల నీళ్లు ఒకవైపు పోకుండా మడులుగా విడగొట్టి, రెండు అంగుళాల నీరు నిలపాలి. మా దారి ఇన్నాళ్లు నిలిచిందంటే సగం ఘనత ఈ మడులదే.

సీసీ కింద చేసే అడుగు పనికి ఎవరూ డబ్బులు కేటాయించరు కానీ బీటల్లో ఎక్కువ వాటా అక్కడిదే. పై మట్టి, వేర్లు తీసేసి ఆరు అంగుళాల గ్రావెల్‌ను మూడేసి అంగుళాల రెండు పొరలుగా, చెమ్మ చేసి, ప్లేట్ కంపాక్టర్‌తో దిగ్గొట్టాలి. చేతి దిమ్మిస నడవదారికి సరిపోతుంది, కారు దారికి చాలదు. గ్రావెల్ మీద 250 మైక్రాన్ల పాలిథిన్ పట్టా, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి. భూగర్భ జలం పైపైనే ఉండే తీరంలో ఉప్పు గాలి నుంచే కాదు, నేలలోంచీ పైకి పాకుతుంది. పట్టా లేని చోట్ల వానాకాలం వెళ్లాక సీసీ మీద తెల్ల మరకలు, వాటి చుట్టూ పొడి రాలడం చూడొచ్చు.

ఇంటి గోడకు, పోర్టికో స్తంభాలకు సీసీ ఆనకూడదు. మధ్యలో 12 ఎంఎం థర్మోకోల్ పెట్టాలి. వాటం గేటు వైపు పది అడుగులకు రెండు అంగుళాలు. గేటు అంచున ఎనిమిది అంగుళాల మందం చేయాలి, ట్యాంకర్లూ ఇసుక ట్రాక్టర్లూ విరగ్గొట్టేది ఆ అంచునే.

పోయడానికి కార్తీకం దాటాక మాఘం లోపు మంచి కాలం. అప్పటికి తుపాన్ల భయం తగ్గుతుంది, ఎండా ఉండదు. వేసవిలో మధ్యాహ్నం సముద్రం గాలి మొదలైతే పైన తేలిన నీరు క్షణాల్లో ఆరిపోయి, సీసీ ఇంకా పచ్చిగా ఉండగానే బీటలు పడతాయి. తెల్లారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. కాంక్రీటును అదిరించి గాలి బయటికి పంపే నీడిల్ వైబ్రేటర్ పెట్టి, బద్దతో లాగి, పైకి తేలిన నీరు దానంతటదే ఆరే దాకా ఆగి చెక్కతాపీ పట్టి, చీపురుతో అడ్డంగా గీతలు లాగాలి. తేలిన నీటిని పీల్చడానికి పొడి సిమెంటు చల్లి నున్నగా చేసే అలవాటు ఇటువైపు బాగా ఉంది. ఆ పొర రెండు వానాకాలాలకు అప్పడంలా లేచిపోతుంది. వానలో స్కూటరు జారేది కూడా ఆ నునుపు మీదే.

జాయింట్లు (బీట ఎక్కడ రావాలో ముందే చూపే కోతలు) కోయించడం మర్చిపోవద్దు, వాయిదా వేయొద్దు. 32 అడుగుల దారిని ఎనిమిదేసి అడుగుల నాలుగు గళ్లు చేయడానికి మూడు కోతలు, ఒక్కోటి అంగుళంన్నర లోతు. మందంలో నాలుగో వంతు కంటే తక్కువ కోస్తే బీట కోతను వదిలి తనకు నచ్చిన దారిన పోతుంది. చలికాలంలో స్లాగ్ సిమెంటుకు పోసిన 12 నుంచి 18 గంటల్లో కోయాలి. బ్లేడు పిక్కను పీకకుండా కోస్తే అదే సమయం. కోతమిషన్ రేపు వస్తుందన్న మాట నమ్మి ఆగితే ఆ రాత్రే సీసీ తన జాయింటు తను వేసుకుంటుంది. రెండు రోజుల తర్వాత నడవొచ్చు. కారుకు 14 రోజులు, నిండు ట్యాంకర్‌కు 28.

ఇక మా దారిలో లోపాలు. ఛాంబర్ మూత మూల నుంచి ఏటవాలుగా ఒక బీట వచ్చింది. జాయింటు గీత ఛాంబర్ అంచు మీదుగా పోయేలా గళ్లు గీసి, చుట్టూ థర్మోకోల్ పెట్టి ఉంటే అది రాదు. మేడ మీది నీటి గొట్టం పడే చోట అంచు కింద గ్రావెల్ కొట్టుకుపోయి, కర్రతో తడితే డొల్ల చప్పుడు వస్తోంది. గొట్టాన్ని కాలువ దాకా పొడిగించాక అది ఆగింది. జాయింట్లలో పోసిన తారు ఎండకు ఉబికి చెప్పులకు అంటుకుంటుంది. పాలీయురేథేన్ సీలెంట్ ఖరీదే కానీ తారు కంటే చాలా నయం. కొబ్బరి నీడ పడే వైపు పాచి తప్పదు. గట్టి బ్రష్, మంచినీళ్లు చాలు. పండగ ముందు ఆసిడ్ పోసి కడిగే వాళ్లు తెలుసుకోవాల్సింది, ఆ సీసాలో ఉన్నది హైడ్రోక్లోరిక్ ఆసిడ్. అది సిమెంటును తింటుంది, పైగా క్లోరైడును మన చేతులతో మనమే పోసినట్టు.

ఇనుము తప్పని చోటు ఒకటుంది: గేటు ముందు వీధి కాలువ మీది స్లాబు. కింద ఆనిక లేదు కాబట్టి అది ఆర్‌సీసీయే. అందరూ పైభాగం చూస్తారు, తుప్పు మొదలయ్యేది మురుగు ఆవిరి తగిలే అడుగున. అక్కడ 50 ఎంఎం కవర్, అదీ అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలతో. పిక్కరాయో పెంకుముక్కో పెడితే పోసేటప్పుడే జారిపోతుంది. బైండింగ్ వైరు కొసలు లోపలికి వంచాలి, బయటికి మిగిలిన కొసే తుప్పుకు మొదటి మెట్టు. నీటిని లోపలికి దిగనివ్వని సైలేన్ సీలర్‌కు డబ్బులుంటే ఈ స్లాబుకు ఖర్చు పెట్టండి, దారికి అక్కర్లేదు. ఈ స్లాబును దారితో కలిపి ఒకే పోతగా పోయకూడదు. మధ్యలో జాయింటు ఉంటే, ఎప్పుడో ఒకనాడు స్లాబు మార్చాల్సి వచ్చినా దారిని కదపక్కర్లేదు.