ఊరి మాటలు దాచుకోవడానికి తెలుగు విక్షనరీ: ఎంతవరకు పనికొస్తుంది?

వాట్సాప్ గ్రూపుల్లో ఊరి మాటల మీద ఇప్పుడు చాలా మంచి చర్చలు నడుస్తున్నాయి. ఒకరు ఏతం ఫొటో పెడితే పదిమంది దాని భాగాలను తమవైపు ఏమంటారో చెబుతారు. వారం తిరిగేసరికి అదంతా ఎక్కడో పైకి వెళ్లిపోతుంది. గ్రూపులో మెసేజ్‌లు 90 రోజులకు మాయమయ్యేలా పెట్టి ఉంటే ఆ తర్వాత ఇక లేనట్టే. వాయిస్ మెసేజ్‌లో పెద్దాయన చెప్పిన మాట సెర్చ్‌కు అందదు. ఆ మాటలకు నిలకడైన చోటు కావాలంటే ఇప్పుడున్న వాటిలో తెలుగు విక్షనరీయే నయం. ఇది వికీపీడియాలా ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ నిఘంటువు. కాకపోతే ఒక పెద్ద లోటు ఉంది, అది తెలిసి వాడాలి.

ముందు మంచి సంగతులు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు లేవు. ప్రతి పేజీకీ ‘చరిత్ర’ ఉంటుంది కాబట్టి ఎవరు ఎప్పుడు ఏం మార్చారో కనబడుతుంది, ఎవరైనా చెడగొడితే పాత కూర్పును వెనక్కి తేవచ్చు. బ్రౌన్ నిఘంటువులోని మాటలు పెద్ద ఎత్తున చేరాయి. అయితే అవి పాత రూపాల్లో ఉంటాయి. ‘మగ్గం’ అని వెతికి సరిపెట్టుకోకుండా ‘మగ్గము’ అని కూడా చూడండి. ‘ర’ ఉన్న మాటలను బండి ఱ తోనూ వెతకాలి. ఇది చూసుకోకుండా కొత్త పేజీ తెరవడం వల్లే ఒకే మాటకు రెండు పేజీలు పుడుతున్నాయి.

ఇక లోటు. కొత్త పేజీకి సాధారణంగా వాడే మూసలో (ముందే శీర్షికలు పెట్టి ఉంచిన నమూనాలో) భాషాభాగం, వ్యుత్పత్తి, బహువచనం, అర్థ వివరణ, నానార్థాలు, పద ప్రయోగాలు, అనువాదాలు ఉంటాయి. ఆ మాట ఏ ప్రాంతానిదో రాయడానికి విడిగా చోటు లేదు. ఊరి మాటకు ప్రాణమే అది. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం, 1971లో వచ్చిన చేనేత సంపుటం ఇప్పటికీ నమ్మదగినవిగా ఉన్నాయంటే, పని చేసేవాళ్ల నోటి నుంచే మాటలు సేకరించి, ఏ మాట ఎక్కడ వాడతారో చెప్పడమే కారణం. విక్షనరీలో ఆ పని రాసేవాళ్లే చెయ్యాలి. అర్థ వివరణలో మొదటి వాక్యంలోనే జిల్లా, మండలం, వృత్తి రాయండి.

ప్రాంతం రాయకపోతే ఏమవుతుందో చూడండి. కోస్తాలో ఆనపకాయ అంటే సొరకాయ. చిత్తూరు వైపు అనపకాయ చిక్కుడు జాతిది, దాని గింజలతో కూర, పులుసు చేస్తారు. గ్రూపుల్లో చాలామంది ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, అందులో ఈ రెండూ ఒకేలా కనబడతాయి. అక్కడి నుంచి ఎత్తి రాసేవారు దీర్ఘం పొరబడి, ప్రాంతమూ రాయకపోతే చిక్కుడు పేజీలోకి సొరకాయ వచ్చి కూర్చుంటుంది. అందుకే చెప్పినవారి చేత ఒకసారి పలికించుకుని విన్నాకే రాయాలి.

కొలతల మాటలకు ఇంకా జాగ్రత్త కావాలి. ‘పుట్టి అంటే 20 తూములు’ అని వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ ఊళ్లో తూముకు ఎన్ని కుంచాలో, కుంచానికి ఎన్ని మానికలో, అంచుకు సమంగా చదును చేసి కొలిచేవారో, పైన రాశి నిలిచేలా పోసేవారో రాయాలి. ఇవి ఘనపరిమాణపు కొలతలు కాబట్టి ఏ గింజో చెప్పకుండా కిలోల్లోకి మార్చకూడదు. పుట్టి ధాన్యం, పుట్టి కందులు ఒకే బరువు తూగవు.

‘పద ప్రయోగాలు’ ఖాళీగా వదలొద్దు. పని చేసేవాళ్లు వాడే వాక్యాన్ని వాళ్ల యాసలోనే ఎక్కించండి. చేనేత మాటైతే పడుగు, పేక, అచ్చు, నాడె లాంటి పేజీలకు లంకెలివ్వండి. మగ్గంలో ఒక భాగం పేరు పక్క భాగం తెలియకుండా అర్థం కాదు.

ఉచ్చారణకు లింగువా లిబ్రే బాగుంది. ఇది మాటలను పలికించి రికార్డు చేసే వికీ సైటు. వికీ ఖాతాతో లోపలికి వెళ్లి, పలికేవారి వివరాల్లో ప్రాంతం నింపి, మాటల జాబితా ఇస్తే ఒక్కోటీ చూపిస్తూ రికార్డు చేసుకుంటుంది. మాటకూ మాటకూ మధ్య నిశ్శబ్దాన్ని బట్టే అది విడదీస్తుంది కాబట్టి ఫ్యాను ఆపాలి. మైకు మరీ దగ్గరగా ఉంటే ప, బ లాంటి అక్షరాల దగ్గర గాలి కొట్టి శబ్దం పగులుతుంది, జానెడు దూరం ఉంచాలి. యాస కావాలనుకుంటే పలికేవారికి రాసిన మాట చూపించకండి. చూసి చదివితే చాలామంది బడి తెలుగులోకి వెళ్లిపోతారు. వస్తువు చూపించి ‘దీన్నేమంటారు?’ అని అడగండి.

విక్షనరీలో రాసింది ఎవరైనా పేరు చెప్పి తిరిగి వాడుకోవచ్చు. అందువల్ల కాపీరైటు ఉన్న పదకోశాల నుంచి వివరణలు యథాతథంగా దించకూడదు. మాట ఎవరి సొత్తూ కాదు గాని, వివరణ సొంతంగా రాయాలి. ఫొటోలదీ అదే సంగతి. గ్రూపుల్లో చేతులు మారిన ఫొటో ఎవరు తీశారో తెలియదు, పైగా వాట్సాప్ దాన్ని కుదించేసి ఉంటుంది. పనిముట్టు పక్కన స్కేలు పెట్టి కొత్తగా తీసి, వికీ ప్రాజెక్టుల ఫొటోలు, ఆడియోలు ఉండే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించడం మేలు.