పసుపు బస్సుకు ఐదు స్టార్లు, గీత గీసినవాళ్లకు రెండు

తెనాలి డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. కండక్టర్‌గా ఎక్కి కంట్రోలర్‌గా దిగాను. జులైలో నార్త్ కరోలినాలో మా అమ్మాయి ఇంటికి వచ్చాను. వచ్చిన నెలకే చిన్న మనవరాలి బడి మారింది, దాంతో ఇంటి ముందుకు స్కూలు బస్సు వచ్చింది. ఆ బస్సు సర్వీసు గురించే ఈ రివ్యూ. బస్సు విషయంలో నేను ఊరికే మెచ్చుకునే రకం కాదని ముందే చెప్తున్నాను.

ఇక్కడ ఏ ఇంటి పిల్లలు ఏ గవర్నమెంటు బడికి వెళ్లాలో స్కూలు బోర్డు మ్యాపు మీద గీత గీసి తేలుస్తుంది. మా అమ్మాయి వాళ్లు బడిని చూసే ఇల్లు కొన్నారు. నడిస్తే ఇరవై నిమిషాలు. తర్వాత ఆ బడి వెనకే వరసగా అపార్ట్‌మెంట్లు లేచాయి, గదులు చాలక గ్రౌండులో ట్రైలర్లు, అంటే లాక్కొచ్చి పెట్టే గదులు, పెట్టి పాఠాలు చెప్పారు. ఆఖరికి మూడున్నర మైళ్ల అవతల కొత్త బడి కట్టి, కొన్ని కాలనీలను అటు వేశారు. గీత సరిగ్గా మా వీధి మధ్య నుంచి పోయింది. సరి నంబర్ల ఇళ్లు పాత బడికే, బేసి నంబర్లు కొత్త బడికి. మా ఇంటి నంబరు 117. ఆంధ్రా టీచర్లెవరైనా ఇది చదివితే నవ్వుకుంటారు. 2022లో ఆ నంబరు జీవోతోనే మా ఊళ్లో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పుస్తకాలు సర్దుకుని హైస్కూలుకు నడిచారు. ఆ జీవోను 2025లో తీసేశారు. నేనేమో ఇక్కడికొచ్చి అదే నంబరు గుమ్మంలో కూర్చున్నాను.

ఎదురింటి పిల్ల, మా చిన్నది ఒకే క్లాసు. ఇద్దరూ రెండో తరగతి. ఇప్పుడు ఆ పిల్ల కుడికి నడుస్తుంది, మాది ఎడమకు బస్సెక్కుతుంది. బస్సు కదిలేదాకా ఒకళ్లకొకళ్లు చేతులూపుకుంటారు.

పెద్దది ఐదో తరగతి. ఆఖరి ఏడాది పిల్లలు కావాలంటే పాత బడిలోనే ఉండొచ్చన్నారు. చిన్నదాన్ని కూడా అక్కతో ఉంచమని ట్రాన్స్‌ఫర్‌కి అప్లికేషన్ పెడితే మూడు వారాలకు జవాబొచ్చింది: ఖాళీ లేదు. ఇంకో మెలిక, గీత అవతలికి పోయినవాళ్లు పాత బడిలో ఉండిపోతే బస్సు ఇవ్వరు. దింపుకోవడం, తెచ్చుకోవడం వాళ్ల ఖర్మ. మాకు నడక దూరం కనక సరిపోయింది. వెనక కాలనీలో ఒక నర్సమ్మ ఉంది. నైట్ డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చకుండా కొడుకుని దింపడానికి బడి ముందు కార్ల వరసలో ఆగి ఉంటుంది. వాడికీ అదే ఆఖరి ఏడాది. స్నేహితుల్ని వదలనని ఏడ్చాడట.

ఇక బస్సు. దీనికి మాత్రం నమస్కారం పెట్టాలి. దేశమంతా ఒకటే పసుపు రంగు. 1939లో న్యూయార్క్‌లో సమావేశమై, తెల్లవారుజామున కూడా కనబడాలని ఖాయం చేశారట. ఆగగానే ఎర్ర లైట్లు వెలుగుతాయి, పక్క నుంచి స్టాప్ బోర్డు రెక్కలా తెరుచుకుంటుంది. పిల్లలు బంపరుకు ఆనుకుని నడవకుండా ముందు వైపు నుంచి ఒక పొడుగాటి కమ్మీ బయటికి తెరుచుకుంటుంది. ఆగిన బస్సును దాటితే ఈ రాష్ట్రంలో తక్కువలో తక్కువ 500 డాలర్ల ఫైను, లైసెన్సు మీద ఐదు తప్పు పాయింట్లు. వీధంతా బొమ్మల్లా నిలబడిపోతుంది. ఫుట్‌బోర్డు మీంచి పిల్లల్ని లోపలికి తోసీ తోసీ గొంతు పోగొట్టుకున్నవాణ్ణి, నాకు కడుపు నిండిపోయింది. దారిలో రైలు పట్టాలున్నాయి. ఒకరోజు అల్లుడి కారులో బస్సు వెనకే వెళ్తూ చూశాను. రైలు లేదు, గేటు తెరిచే ఉంది, అయినా బస్సు ఆగింది. డ్రైవరమ్మ తలుపు తెరిచి, అటూ ఇటూ చూసి, చెవి పెట్టి విని, తలుపు మూసి అప్పుడు దాటింది. రోజూ అంతేనట.

ఆ డ్రైవరమ్మకు అరవై దాటి ఉంటాయి. మా చిన్నదాని పేరు మూడో రోజుకే సరిగ్గా పలికింది. మూడేళ్లుగా పక్కింటాయనకు చేతకాలేదు.

టైముకి వద్దాం. కాగితం మీద మా స్టాపు 7:51. పాత అలవాటు కొద్దీ నేను డైరీ పెట్టాను. మొదటి రెండు వారాలు రోజూ పావుగంటకు తక్కువ కాకుండా లేటు. కారణం పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఈ బస్సుకు పొద్దున మూడు ట్రిప్పులు. ముందు హైస్కూలు, తర్వాత మిడిల్ స్కూలు, మూడోది మా చిన్నపిల్లలది. గీత మారాక మిడిల్ స్కూలు ట్రిప్పుకి రెండు కాలనీలు కలిపారు, రన్నింగ్ టైము మాత్రం పెంచలేదు. రెండో ట్రిప్పు జారితే మూడోది జారక ఏం చేస్తుంది? డిపోలో మేం షెడ్యూలు మారిస్తే ముందు ఖాళీ బస్సేసి ఒకసారి తోలి చూసేవాళ్లం, సిగ్నల్ దగ్గర ఎంతసేపు, మలుపు దగ్గర ఎంతసేపు అని. ఇక్కడ కొత్త మ్యాపు పెట్టిన మీటింగులో మా అమ్మాయి రెండు నిమిషాలు మాట్లాడింది. ఒకటే అడిగింది, బస్సు ఎన్నింటికి వస్తుందని. రూట్లు తర్వాత వేస్తామన్నారు. ఏ బడిలో ఎన్ని కుర్చీలో లెక్కుంది, ఆ కుర్చీలోకి పిల్ల ఎన్నింటికి చేరుతుందో లెక్క లేదు. నా కోపమంతా అక్కడే.

ఫోన్లో యాప్ ఒకటుంది, బస్సు ఎక్కడుందో చూపిస్తుంది. మామూలు రోజుల్లో బాగానే పనిచేస్తుంది. అక్టోబరులో ఒకరోజు డ్రైవరమ్మ రాలేదు. యాప్‌లో మా బస్సు షెడ్డులో నిద్రపోతోంది. పిల్లలు తొమ్మిది మంది మెయిల్ బాక్సుల దగ్గర జాకెట్లలో ముడుచుకుని నిలబడ్డారు. కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తే పాట వినిపించారు. 8:34కి వేరే నంబరు బస్సు వచ్చింది. అంటే స్పేర్ బస్సు ఇచ్చారు, ఆ సంగతి యాప్‌కి చెప్పలేదు. మనం బోర్డు మార్చకుండా బస్సు పంపినట్టే. ఆ కొత్త డ్రైవరు చేతిలో స్టాపుల కాగితం. మొదటి మలుపులోనే తప్పు తిరగబోతే లోపల్నుంచి పిల్లలంతా ‘లెఫ్ట్, లెఫ్ట్’ అని అరిచారట. సాయంత్రం మా చిన్నది గొప్పగా చెప్పింది, తాతయ్యా, ఇవాళ నేనే కండక్టర్‌ని అని.

మన పిల్లల పాత బడికి బస్సెందుకు లేదని కొందరు తెలుగువాళ్లు అడిగారు. ఈ రాష్ట్ర చట్టంలో మైలున్నర లెక్క ఉంది. బడికి అంతకంటే దగ్గరుంటే బస్సు ఇచ్చి తీరాలని లేదు. మైలున్నర, ఆపైన ఉంటే బస్సు మీ ఇంటికి మైలు లోపు నుంచి పోవాలి. మైలు లోపు అన్నారు కానీ గుమ్మం ముందుకు అనలేదు. స్టాపు దూరమని దెబ్బలాడబోయే ముందు ఈ మాట గుర్తుంచుకోండి.

పక్క సందులో ఒక నల్లజాతి పెద్దావిడ ఉంది, రిటైరైన టీచరు. సాయంత్రం వాకింగ్‌లో కలుస్తుంది. అమ్మాయి పక్కనుండి తెలుగు చేసి చెబితేనే నాకు తెలిసింది. తెల్ల, నల్ల పిల్లలు ఒకే బడిలో చదవడానికి వాళ్లను బస్సుల్లో దూరం బడులకు పంపమనడం సబబేనని అమెరికా సుప్రీంకోర్టు 1971లో తీర్పిచ్చింది, ఇదే రాష్ట్రంలోని షార్లెట్ నగరం కేసులో. ఆవిడ ఆ బస్సులెక్కిన తరం. ఏం గుర్తుందని అడిగితే, చీకట్లో లేవడం అంది. తెల్లపిల్లల కంటే మా పేటవాళ్లమే ఎక్కువ ఏళ్లు, ఎక్కువ దూరం తిరిగామంది. దాని ముందు మా 7:51 గొడవ ఎంత అనిపించింది. అయినా నా రివ్యూ నేను రాయాలిగా.

బస్సుకు, డ్రైవరమ్మకు ఐదుకి ఐదు. యాప్‌కి మూడు. గీత గీసి రూటు తర్వాత చూస్తామన్న ఆఫీసుకు రెండు. ఆ రెండు కూడా నవంబరులో రన్నింగ్ టైము సరిచేసినందుకు. మిడిల్ స్కూలు ట్రిప్పు పన్నెండు నిమిషాలు ముందే మొదలయ్యేలా జరిపారు. అప్పట్నుంచి డైరీలో ఎర్ర సిరా తగ్గింది.

జనవరిలో నేను వెళ్లిపోతున్నాను. డైరీ అల్లుడికి అప్పజెప్పాను. రెండు రోజులు రాశాడు. మూడో రోజు నుంచి చిన్నదే రాస్తోంది, తెలుగు అంకెలు నేర్పమంది. నిన్నటి పేజీలో ౭:౫౩ అని ఉంది, పక్కన ఒక బస్సు బొమ్మ.