పరంగిమలై నుంచి మహాబలిపురం దాకా: అంటార్కిటికా విడిపోయిన ఒడ్డున

రాళ్లు చూడడానికి చెన్నై వస్తున్నామని ఫోనులో చెబితే, అక్కడే స్థిరపడిన మా పెద్దన్నయ్య “విశాఖలో రాళ్లు కరువయ్యాయా?” అన్నాడు. కరువేమీ కాలేదు. మా తూర్పు కనుమల రాళ్లకు, అంటార్కిటికా తూర్పు భాగంలోని రాళ్లకు చుట్టరికం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నారు. మన తూర్పు తీరం ఒకప్పుడు ఆ మంచు ఖండానికి అతుక్కుని ఉండేది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. ఆ చీలిక ఆనవాళ్లను లోకల్ రైళ్లు, మంచి భోజనం అందుబాటులో ఉన్న ఊళ్లో చూడాలంటే చెన్నైని మించింది లేదని నా అభిప్రాయం. పరంగిమలై అనే కొండతో మొదలుపెట్టి, సముద్రం చూసి, మ్యూజియంతో ముగించాలి. ఈ వరుస మార్చితే సగం రుచి పోతుంది.

బస ఎగ్మూరు స్టేషను దగ్గర ఒక లాడ్జిలో. గది శుభ్రంగానే ఉంది, లిఫ్టు మాత్రం దయ తలిచినప్పుడే వస్తుంది. వేడినీళ్లు ఉదయం ఎనిమిది దాకానే ఇస్తారన్న సంగతి డబ్బు కట్టాక చెప్పారు. అయినా మళ్లీ వెళ్తే ఆ వీధిలోనే దిగుతాను. మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు, రైలు పక్కనే. గిండీ వైపు హోటళ్లు ఇంతకంటే సుఖం, అద్దె దాదాపు రెట్టింపు. పరంగిమలై ఒక్కటే దగ్గరవుతుంది, మిగతావన్నీ దూరం.

ఎగ్మూరు నుంచి సెయింట్ థామస్ మౌంట్ స్టేషనుకు మెట్రో, లోకల్ రైలు రెండూ ఉన్నాయి. మెట్రో చల్లగా, హాయిగా ఉంటుంది కానీ కోయంబేడు, వడపళని చుట్టి వెళ్తుంది. లోకల్ మాంబళం, సైదాపేట మీదుగా తిన్నగా చేరుస్తుంది, టికెట్టు కొద్ది రూపాయలే. ఆఫీసు వేళ తప్పించుకోగలిగితే లోకలే మేలు.

ఇంగ్లీషులో సెయింట్ థామస్ మౌంట్, స్థానికులకు పరంగిమలై అయిన ఈ కొండ ఎత్తు సుమారు 300 అడుగులే. పైదాకా వాహనాల దారి ఉన్నా మెట్ల దారి పట్టండి. పద్దెనిమిదో శతాబ్దంలో పెట్రస్ ఉస్కాన్ అనే అర్మేనియా వర్తకుడు కట్టించిన మెట్లవి. పైన పోర్చుగీసు కాలపు చర్చి ఉంది, అక్కడినుంచి విమానాశ్రయం రన్‌వే బాగా కనిపిస్తుంది. వచ్చినవాళ్లలో చాలామంది విమానాలకు ఫొటోలు తీసుకుని దిగిపోతారు. చూడాల్సింది కాళ్ల కింద ఉంది. కొత్తగా పగిలిన రాతి ముఖం ఎక్కడైనా దొరికితే గమనించండి: నీలం, ఆకుపచ్చ కలిసిన ముదురు బూడిద రంగు, నూనె రాసినట్టు నిగనిగ. ఇది చార్నొకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది పలక ఈ జాతి రాయే కావడంతో, భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో దీనికి ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఈ రాయి దొరికినా పోల్చి చూసుకునే మూల నమూనా ఈ కొండ దగ్గరిదే. పల్లావరం వైపున్న చార్నొకైట్‌ను భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది కూడా.

దీని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఇలాంటి రాయి భూమి లోపల ఇరవై కిలోమీటర్లకు పైగా లోతులో, 700 డిగ్రీలు దాటిన వేడిలో, నీటి తడి దాదాపు లేని చోట తయారవుతుంది. అది ఇవాళ చర్చి మెట్ల పక్కన ఎండకు కాగుతోందంటే, దాని నెత్తిన ఉన్న అన్ని కిలోమీటర్ల రాయీ అరిగి, కొట్టుకుపోయి ఉండాలి. మా ఆవిడ మెట్ల మీద కూర్చుని కాసేపు తల పైకెత్తి చూసింది. అంత మందం ఊహకు అందాలంటే అలా చూడాల్సిందే.

సాయంత్రం సముద్రానికి. మెరీనా విశాలం, అంతే రద్దీ కూడా. కూర్చుని ఆలోచించుకోవాలంటే బెసంట్ నగర్ తీరం నయం. కొండ వయసు తెలుసుకుని వచ్చాక సముద్రం పడుచుగా కనిపిస్తుంది. బంగాళాఖాతం పుట్టిందే అంటార్కిటికా దూరం జరిగాక. పరంగిమలై వయసు దానికి పంతొమ్మిది రెట్లు ఉంటుంది. ఈ సముద్రపు అడుగున హిమాలయాల నుంచి గంగా బ్రహ్మపుత్రలు మోసుకొచ్చిన ఒండ్రు సుమారు 3,000 కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంది. ఆ హిమాలయాలైనా మన భూఫలకం, అంటే మన దేశాన్ని మోస్తూ కదిలే భూమి పైపొర ముక్క, ఉత్తరానికి పరుగెత్తి ఆసియాను ఢీకొనడం వల్ల లేచినవే.

మహాబలిపురంలో ఒక రాత్రి ఉండడం మంచిది. తీరం వెంబడి వెళ్లే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద బస్సులు తరచుగా దొరుకుతాయి. వారాంతంలో గెస్ట్‌హౌస్ అద్దెలు పెరుగుతాయి కాబట్టి మామూలు రోజుల్లో వెళ్లండి. మాకు దొరికిన గైడు చక్కటి తెలుగు మాట్లాడాడు. డబ్బు సంగతి ముందే తేల్చుకున్నాం, పేచీ రాలేదు. శిల్పాల గురించి ఎంత శ్రద్ధగా చెప్పాడో, తీర దేవాలయం దగ్గర నిలబడి సముద్రంలో మునిగిపోయిందనే కుమరి కండం అనే ఖండం గురించీ అంతే ధీమాగా చెప్పాడు. పేరు తమిళుల సాహిత్యంలోది, దానికి శాస్త్రపు ముసుగు వేసింది మాత్రం ఒక ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త. మడగాస్కర్‌లోనూ, భారతదేశంలోనూ లెమూర్ (కోతిని పోలిన చిన్న జంతువు) జాతికి దగ్గరి జంతువులు ఎందుకున్నాయో తేలక, 1864లో ఫిలిప్ స్క్లేటర్ నడుమ ఒక ఖండం ఉండేదని ఊహించి లెమూరియా అన్నాడు. ఖండాలు కదలవన్న నమ్మకం ఉన్న రోజుల్లో అది తెలివైన ఊహే.

1912లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్ ఖండాలు జరుగుతాయన్నప్పుడు చాలామంది కొట్టిపారేశారు. 1960ల్లో సముద్రపు అడుగు విస్తరిస్తోందని తేలాక గాని ఒప్పుకోలేదు. ఖండాల రాయి తేలిక, సముద్రపు అడుగునున్న బసాల్టు (గట్టిపడిన లావా రాయి) బరువు. అందుకే అగాధాల్లోకి జారి కరిగేది సముద్రపు నేలే, ఖండం కాదు. 20 కోట్ల ఏళ్లకు మించిన సముద్రపు నేల నేటి మహాసముద్రాల్లో దాదాపు మిగల్లేదు. మడగాస్కర్ మన పడమటి తీరం నుంచి సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. ఆ తరువాత మన భూఫలకం ఏడాదికి 15 సెంటీమీటర్లకు పైగా వేగం అందుకుంది. అడ్డున్న టెథిస్ సముద్రం మూసుకుపోయింది, దాని సున్నపురాయి ఇప్పుడు ఎవరెస్టు శిఖరం మీద ఉంది. మంచుయుగం ముగిసే క్రమంలో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు పెరిగి తీరాల అంచులు మునిగాయన్నది వాస్తవం. ఖండం మునగడం దానితో పోల్చేది కాదు. గైడుతో ఇదంతా వాదించలేదు. అతని బేరం శిల్పాలకే కుదిరింది.

భూఫలకాల కదలిక పాత ముచ్చట అనుకునేవాళ్లకు 2004 డిసెంబరు 26 చాలు. సుమత్రా దగ్గర మన వైపు భూఫలకం కిందికి దూరే చోట వచ్చిన భూకంపం లేపిన సునామీ అలలు రెండు గంటలు దాటాక ఈ తీరాన్ని కొట్టాయి. ఇసుక కోసుకుపోవడంతో మహాబలిపురం ఒడ్డున మరికొన్ని చెక్కిన రాళ్లు బయటపడ్డాయి.

చివరగా ఎగ్మూరు మ్యూజియం. శుక్రవారం సెలవు. 1851లో మొదలైనప్పుడు దీని తొలి సొత్తు భూగర్భ నమూనాలే. మనవాళ్లు నేరుగా అమరావతి శిల్పాల గదికి వెళ్తారు, మేమూ అక్కడే ఎక్కువసేపు గడిపాం. బౌద్ధ గాథలు చెక్కిన ఆ తెల్లని పలకలు పల్నాటి సున్నపురాయి. పల్నాడు లోతు తక్కువ సముద్రం కింద ఉన్న రోజుల్లో, డైనోసార్ల కంటే ఎంతో ముందు, పొరలుగా పేరుకున్న రాయి అది. అందుకే ఉలికి అంత సన్నగా లొంగింది. సముద్రం నేల మీదికి రావడం, పోవడం అంటే ఏమిటో కొండ, తీరం చూసి వచ్చాక ఈ గదిలో బాగా అర్థమైంది.

శ్రీపెరుంబుదూరు పరిసరాల్లో ఆ చీలిక నాటి మొక్కల శిలాజాలు, సముద్రపు గవ్వలు ఒకే పొరల్లో దొరికాయి. వెళ్దామని అన్నయ్య కారు తీస్తానన్నాడు, నేనే వద్దన్నాను. తెలిసిన అధ్యాపకులు వెంట ఉంటే తప్ప మనకు అక్కడ మట్టి, ఫ్యాక్టరీ గోడలు మాత్రమే కనిపిస్తాయి. ఆ పూట వదిన వండిన ముద్దపప్పు, ఆవకాయతో భోజనం చేసి రైలెక్కాం.