థార్‌లో ఏఆర్‌బీ ట్విన్ కంప్రెసర్: సరుకు గట్టిది, బిగింపే అసలు పరీక్ష

తలకోన వైపు రాళ్లదారికి థార్ జీపు టైర్లలో గాలిని 18 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించితే, తారురోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. ఏఆర్‌బీ కంపెనీ చేసే, బండిలోనే బిగించుకునే 12 వోల్టుల ఈ రెండు మోటార్ల కంప్రెసర్ నాలుగు టైర్లనూ వరసగా నింపేస్తుంది. సింగిల్ మోటార్ మోడల్‌కైతే మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. మన మే నెల ఎండల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది.

షాపులో బిగిస్తుంటే పక్కనే నిలబడి చూడాల్సింది వైరింగే. కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే రావాలి. రెండు 40 ఆంపియర్ల ఫ్యూజులూ బ్యాటరీకి దగ్గరలో ఉండాలి. హార్నెస్ (కంప్రెసర్‌తో వచ్చే వైర్ల కట్ట) పొడవు చాలలేదని సన్నవైరు అతికితే వోల్టేజీ పడిపోతుంది, రిలే (కరెంటును కలిపే స్విచ్) టకటకలాడుతుంది, ఫ్యూజు హోల్డర్ కరుగుతుంది. ఎర్త్ కూడా పెయింటు మీద కాదు, బ్యాటరీ నెగటివ్‌కే.

బ్రాకెట్‌ను ఎగ్జాస్ట్‌కు దూరంగా పెట్టించండి. గాలి బయటికొచ్చే చోట మామూలు రబ్బరు పైపు వద్దు. ఆ వేడికి మెత్తబడి ఊడిపోతుంది. స్టీలు అల్లిక గొట్టమే వేయించండి. టెఫ్లాన్ టేపు మొదటి మర వదిలి చుట్టాలి, లేకుంటే ముక్కలు వాల్వులో ఇరుక్కుంటాయి. వాగులు దాటే బండికి ఎయిర్ ఫిల్టర్ ఎత్తులో ఉండాలి.

చివర్లో సబ్బునీళ్లు రాసి ప్రతి జాయింటూ చూడండి. బుడగ వస్తే డబ్బులివ్వకండి. గాలి నింపేటప్పుడు ఇంజను ఆన్‌లోనే ఉండాలి.

ధర ఎక్కువే. అడవిదారులు తరచూ పట్టేవాళ్లకు మాత్రం దండగ కాదు.