లెనిన్ సెంటర్‌లో పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలు: కొనొచ్చు, కానీ చూసి కొనాలి

విజయవాడ ఏలూరు రోడ్డు, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు. గైడ్ల వెనకాల ఏమున్నాయో అడిగి తీయించుకోవాలి. 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ లాంటి పత్రికల పాత కట్టలు తగిలితే వదలొద్దు. చేత్తో చేసి నేర్చుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి సరుకు లేదు.

విడి సంచిక కొనకండి. ఒక నెల సర్క్యూట్‌లో తప్పు పడితే సవరణ తర్వాతి నెలల్లో వస్తుంది. వరస నెలలున్న కట్టే తీసుకోండి, పీసీబీ (భాగాలు అతికే సర్క్యూట్ బోర్డు) బొమ్మ పేజీ చిరిగిపోలేదని అక్కడే చూసుకోండి.

ఆ పత్రికల్లోంచి మొదట చేయాల్సింది క్రిస్టల్ రేడియో. బ్యాటరీ అక్కర్లేదు, మన విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద వినిపిస్తుంది. 3 అంగుళాల పీవీసీ పైపు మీద 26 గేజ్ ఎనామెల్ తీగ 50 చుట్లు దగ్గర దగ్గరగా చుడితే సుమారు 240 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ ఉన్న కాయిల్ తయారవుతుంది. దాన్ని 837 దగ్గర ట్యూన్ చేయడానికి 150 పికోఫారడ్ల కెపాసిటర్ చాలు కాబట్టి పత్రికలో చెప్పిన పెద్ద గాలి గ్యాంగ్ (తిప్పి స్టేషన్ పట్టే కెపాసిటర్) కోసం తిరగక్కర్లేదు, చిన్న ప్లాస్టిక్ గ్యాంగ్ సరిపోతుంది. ఏరియల్‌ని కాయిల్ పైకొసకి కాకుండా ఎర్త్ వైపు నుంచి పదో చుట్టుకి కలపండి. పైకొసకి కలిపితే స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

డయోడ్ (రేడియో అలలోంచి ధ్వనిని విడదీసే భాగం) దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఓఏ79 అనే జెర్మేనియం డయోడ్ అడిగితే మామూలు సిలికాన్ డయోడ్ చేతిలో పెట్టే షాపులున్నాయి. కౌంటర్ దగ్గరే మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూడండి: జెర్మేనియం అయితే 0.2–0.35, సిలికాన్ అయితే 0.6 వోల్టుల చుట్టూ. ఇయర్‌ఫోన్ క్రిస్టల్ రకమే కావాలి, దాని రెండు తీగల మధ్య 100 కిలోఓమ్స్ రెసిస్టర్ పెట్టాలి. ఫోన్ హెడ్‌సెట్ నేరుగా పెడితే దాని 32 ఓములు కాయిల్ మీద బరువై కూర్చుంటాయి, ఏమీ వినబడదు.

ఎర్త్‌కి కుళాయి గొట్టం అని పత్రికల్లో రాసుంటుంది. ఇప్పుడవన్నీ ప్లాస్టిక్, తడి నేలలో ఇనుప కడ్డీ దింపండి. ఏరియల్ తీగ పది మీటర్లు, కరెంటు తీగలకి దూరంగా. ఉరుములప్పుడు దించేయాలి.

మిగతా ప్రాజెక్టుల్లో కనిపించే బీసీ148 ట్రాన్సిస్టర్‌కి బదులు బీసీ548 నడుస్తుంది, కాళ్ల వరస మాత్రం డేటాషీట్‌లో సరిచూసుకోండి. జెర్మేనియం ట్రాన్సిస్టర్ ఏసీ128 స్థానంలో సిలికాన్ ట్రాన్సిస్టర్ పెడితే బయాస్ రెసిస్టర్లు (దాన్ని పనిచేసే స్థితిలో ఉంచేవి) కూడా మార్చాలి.

ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా 230 వోల్టుల్ని కెపాసిటర్‌తో దించే సర్క్యూట్లు మాత్రం పిల్లల చేతికివ్వొద్దు. వాటిలో ఏ పాయింట్ ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు.